పరరాష్ట్రంలో చదువు: దరఖాస్తుకు ముందు

ఇంటర్మీడియట్ పరీక్షలు సమీపించే దినాలలో మన ఇళ్ళలో ఒక చర్చ బయలుదేరుతుంది. ఇంజనీరింగు, వైద్యం అనే రెండు రాజమార్గాలకూ మనస్సొప్పని బిడ్డ, చరిత్రో అర్థశాస్త్రమో చదువుతానంటుంది. అదీ ఢిల్లీ వెళ్ళి చదువుతానంటుంది. తండ్రి వెంటనే కాదనడు. "ముందు దరఖాస్తు పెట్టమ్మా, సీటు వస్తే అప్పుడు చూద్దాం" అంటాడు. ఉదారంగా వినిపించే మాట ఇది. చిక్కంతా ఈ మాటలోనే ఉన్నదని మా అభిప్రాయం.

సీటు రాదులే అన్న ధైర్యంతో పెట్టించిన దరఖాస్తుకు జూలైలోనో ఆగస్టులోనో సీటు వచ్చి కూర్చుంటే, ఆనాడు ఆ ఇంటిలో ఏమి జరుగుతుందో ఊహించవచ్చును. పోటీపడి గెలిచిన పిల్లతో "అంత దూరం ఆడపిల్లను ఎట్లా పంపేది?" అంటారు. దూరం ఫిబ్రవరిలోనూ అంతే ఉన్నది కదా! ఆ ప్రశ్న ఏదో ఫిబ్రవరిలోనే అడిగి, తగవు పడవలసి వస్తే అప్పుడే పడి, ఒక నిర్ణయానికి రావడం బిడ్డ పట్ల న్యాయం. సీటు వస్తే పంపుతామన్నవారే దరఖాస్తు పెట్టించవలెను. పంపనివారు ఆ సంగతి ముందే చెప్పవలెను.

చదువుకోసం ఎల్లలు దాటడం మనవారికి కొత్త కాదు. 1938లో వందేమాతర గీతం పాడినందుకు ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలుపలికి పంపిన విద్యార్థులను నాగపూరు విశ్వవిద్యాలయం చేర్చుకొన్నది. ఆ తరంవారైన పి. వి. నరసింహారావుగారు నాగపూరులోనే న్యాయశాస్త్రం చదివినారు. ఐతే వారు ఇక్కడి తలుపులు మూసుకొన్నందువల్ల వెళ్ళినవారు. నేటి విద్యార్థి తలుపులు తెరచి ఉండగానే వెళ్ళగోరుతున్నాడు. కనుక అతనిని ఒక ప్రశ్న అడగడం తప్పు కాదు: అక్కడ దొరికేది, ఇక్కడ దొరకనిది ఏమిటి? కళాశాల పేరు ఒక్కటే సమాధానమైతే అది చాలదు. 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయానికి ఇతర రాష్ట్రాల పిల్లలు వెదకికొని వస్తున్నారు. అది మన గుమ్మంలోనే ఉన్నది గనుక మనకు ఆనదు కాబోలు! తాను చదువదలచిన విషయం పేరు చెప్పి, అందులో ఏమి చదువుతారో నాలుగు మాటలు చెప్పగల పిల్లవాని కోరికను మాత్రం పెద్దలు తేలికగా తీసివేయరాదు.

ఇక ప్రవేశం సంగతి. పూర్వం ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పన్నెండవ తరగతి మార్కులే ప్రమాణం. 2021లో కొన్ని కళాశాలలలో కొన్ని కోర్సులకు మొదటి జాబితాలోనే నూటికి నూరు శాతం అడిగినారు. 2022 నుండి కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సి.యు.ఇ.టి. అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష వచ్చినది. దీనిని పదమూడు భాషలలో వ్రాయవచ్చును. తెలుగు వానిలో ఒకటి. సంతోషించదగినదే. కాని తెలుగులో పరీక్ష వ్రాసి సీటు పొందిన విద్యార్థికి అక్కడి తరగతిలో వినిపించేది ఇంగ్లీషు, లేదా హిందీ. ఈ సంగతి తెలిసి వెళ్ళేవాడు మొదటి ఏడాది కష్టాన్ని ఓర్చుకొంటాడు; తెలియక వెళ్ళినవాడు దసరా సెలవులకు వచ్చి తిరిగి వెళ్ళనంటాడు. విషయ పరీక్షలకు ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి పన్నెండవ తరగతి పాఠ్యక్రమం ఆధారం గనుక ఆ పుస్తకాలు వేరుగా తెచ్చుకొని చదువవలెను. పన్నెండవ తరగతిలో చదివిన విషయాలలోనే పరీక్ష వ్రాయవలెనని ఆ విశ్వవిద్యాలయం నియమం. అర్థశాస్త్రం ఆనర్సుకు గణితం తప్పనిసరి. కావున ఇంటర్మీడియట్‌లో గణితం లేని సి.ఇ.సి. విద్యార్థికి ఆ ద్వారం ముందే మూసి ఉన్నది. గణితం చదివిన ఎం.పి.సి. విద్యార్థికి మాత్రం చరిత్ర ఆనర్సు ద్వారం కూడా తెరచే ఉంటుంది.

వెనుకబడిన తరగతుల కుటుంబాలవారు మరొకటి గమనించవలెను. మన రాష్ట్రాల బి.సి. జాబితా వేరు, కేంద్రప్రభుత్వపు ఓ.బి.సి. జాబితా వేరు. ఇక్కడి జాబితాలో ఉన్న కొన్ని కులాలు అక్కడ లేవు. ఉన్నవారికైనను కేంద్రప్రభుత్వ నమూనాలో, సంపన్నశ్రేణికి చెందరని తెలిపే ధ్రువపత్రం కావలెను. అదీ పాతది పనికిరాదు, చాలాచోట్ల ఆ ఆర్థిక సంవత్సరంలో పొందినదే అడుగుతారు. తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగే పని వేసవిలోనే ముగించుకొనవలెను.

డబ్బు విషయంలో చాలమంది బోధనరుసుము చూసి ఆగుతారు. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో అది మన ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలల రుసుము కంటె తక్కువే. అసలు భారం వసతిది. ఢిల్లీ కళాశాలలన్నింటికి హాస్టళ్ళు లేవు. ఉన్నచోట గదులు పరిమితం. హాస్టలు దొరకనివారు పేయింగ్ గెస్టుగా చేరవలసినదే. కాబట్టి లెక్క వేసేటప్పుడు హాస్టలు దొరకదనుకొనే వేయవలెను. పైగా 2022 నుండి అక్కడ డిగ్రీ నాలుగేళ్ళ చదువు. మూడేళ్ళకు పట్టా పుచ్చుకొని రావచ్చును గాని, బిడ్డ నాలుగో ఏడు కూడా చదువుతానంటే అందుకు సిద్ధపడి ఉండవలెను.

హాస్టలు అనగానే దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారు జ్ఞాపకం వస్తారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో స్త్రీలకు వసతిగృహం లేదన్న కారణంతో ప్రవేశానికి అడ్డు రాగా, ఆమె పత్రికలో ప్రకటన ఇచ్చి, తనవలెనే చదువుకోగోరే యువతులను కూడగట్టి, వసతి తామే ఏర్పాటు చేసుకొన్నారు. ఢిల్లీలో 1961లో తిరుమల తిరుపతి దేవస్థానంవారు స్థాపించిన శ్రీ వేంకటేశ్వర కళాశాల ఉన్న ప్రాంతంలోని మెట్రో స్టేషనుకు ఇప్పుడు ఆమె పేరే పెట్టినారు. కూతురిని పంపడానికి జంకే తల్లిదండ్రులు ఈ కథ తెలుసుకొనదగును. ఐతే కథ చెప్పి ఊరుకొనక, చేర్పించేనాడు స్వయంగా వెళ్ళి ఆ గదినీ, వీధినీ కళ్ళతో చూచి రావడం మరీ మంచిది.

తిరిగి వచ్చేవారి సంగతి ఎవరూ ముందుగా ఆలోచించరు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మన విద్యాసంస్థలలో 85 శాతం సీట్లను స్థానికులకు ప్రత్యేకించినది. అర్హతపరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివినారన్నది అందులో ప్రధాన సూత్రం. ఢిల్లీలో డిగ్రీ ముగించి ఎం.ఏ.కు ఇక్కడికి రాదలచిన విద్యార్థి తన సొంత జిల్లాలోనే స్థానికేతరుడుగా లెక్కకు రావచ్చును! తక్కిన సీట్లలో, తల్లిదండ్రులు పదేళ్ళు రాష్ట్రంలో నివసించినారన్న ఆధారంపై పోటీపడే వీలు కలదు. 2014 విభజన తరువాత ఈ నియమాలలో మార్పులు వచ్చినవి గనుక, ఏ సంవత్సరానికి ఆ సంవత్సరపు ప్రవేశ నియమావళి చదువుకొనవలెను. దీనిని చూచి వెళ్ళడమే మానుకొనవలెనని మేము అనము; నివాస ధ్రువపత్రాలు మాత్రం పారవేయక భద్రపరచుకొనండి.

సీట్ల కేటాయింపు వేళ కళాశాలలనూ కోర్సులనూ వరుసక్రమంలో కోరుకొనమంటారు. వస్తుందో రాదో అని లెక్కలు కట్టి వరుస మార్చరాదు. నిజంగా కావలసినదే మొదట వ్రాయవలెను. తొలి విడతలో వచ్చిన సీటును అంగీకరించి, పై కోరికకు మార్పు అడగవచ్చును. అంగీకరించక మిన్నకుంటే తరువాతి విడతలలోనూ చోటుండదు. అంగీకారం తెలుపడానికి ఇచ్చే గడువు కొద్ది దినాలే. హైదరాబాదు నుండి ఢిల్లీకి రైలులో ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. మేనమామలనూ పెదనాన్నలనూ పిలిచి కొత్తగా సలహా అడగడానికి ఆ గడువులో వ్యవధి ఉండదు.