సిగ్గు పోవడం కూడా జబ్బే

ఉర్దూ మీడియం మాష్టరు తెలుగులో మాట్లాడుతున్నాడేమిటని అనుకోకండి. మన ఇళ్లల్లో రెండు భాషలూ నడుస్తాయి. దాని సంగతి తర్వాత చెబుతాను.

మా బడే అబ్బా గద్వాలలో చీరల వ్యాపారం చేసిన మనిషి. లెక్కలో పైసా తేడా రానిచ్చేవారు కాదు. ఎవరింటికి పోయినా గుమ్మం బయటే దగ్గి, పిలిచాకే లోపల అడుగు పెట్టేవారు. అలాంటి మనిషి యాభై ఎనిమిదో ఏట నాగర్‌కర్నూల్‌లో ఒక వలీమాలో పక్కవారి పళ్లెంలోంచి మాంసం ముక్క తీసుకుని తినేశారు. తర్వాత వనపర్తిలో ఒక జనాజా దగ్గర, తండ్రిని పోగొట్టుకున్న కొడుకును పట్టుకుని, నవ్వుతూ, స్కూటరు ఎంతకు కొన్నావని అడిగారు. జ్ఞాపకం మాత్రం బాగానే ఉండేది. అందుకే జబ్బని ఎవరికీ తోచలేదు. కొందరు గాలి సోకిందన్నారు, కొందరు డబ్బు మదమన్నారు. నేనైతే నలుగురిలో "షరం నహీ ఆతీ క్యా?" అని గద్దించాను. ఆయన నా మొహం చూసి, ఖుబానీ మీఠా ఇంకా ఉందా అని అడిగారు. ఆ గద్దింపు గుర్తొస్తే నాకు ఇప్పటికీ తల ఎత్తబుద్ధి కాదు.

చివరికి హైదరాబాదులో మెదడు డాక్టరు దాని పేరు చెప్పారు: ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియా. నుదురు వెనుక, కణతల దగ్గర ఉండే మెదడు క్రమంగా క్షీణిస్తుంది. ఎక్కువగా 45 నుంచి 65 ఏళ్ల మధ్య మొదలవుతుంది. ఈ జాతి జబ్బును 1892లోనే ప్రాగ్ నగరంలో ఆర్నాల్డ్ పిక్ అనే వైద్యుడు వర్ణించాడు.

సిగ్గు, మొహమాటం, లిహాజ్, జాలి – ఇవి పెంపకం వల్ల వస్తాయంటాం. నిజమే. కానీ ఎదుటివాని కంటితో మనల్ని మనం చూసుకోవాలంటే మెదడు సాయం కావాలి. అమెరికాలో వర్జీనియా స్టర్మ్ అనే పరిశోధకురాలు, ఆమె తోటివారు రోగుల చేత పాట పాడించి, సంగీతం తీసేసి, ఉత్త గొంతుతో ఆ పాటను వారికే చూపించారు. మామూలు వాళ్లు మొహం దాచుకున్నంత పని చేశారు. ఈ రోగులకు అంతగా పట్టలేదు. మెదడు ముందరి లోపలి భాగం ఎంత క్షీణిస్తే సిగ్గు అంత తగ్గిందని తేలింది.

అల్జీమర్స్‌లో వరస వేరు. ఎదుటివారి భావం రోగికి ఇంకా ఎక్కువగా అంటుకుంటుందని వీరే 2013లో చెప్పారు. మనం విసుక్కుంటే ఆ విసుగు వారికీ పాకుతుందన్న మాట. పార్కిన్సన్స్‌లో మొహం బిగుసుకుపోతుంది. నవ్వు బయటికి రాదు గానీ, లోపల ప్రేమ లేదనుకోవడం మన పొరపాటు.

ఇక రెండు భాషల సంగతి. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రకటించింది. ఒకే భాష వచ్చినవారి కంటే రెండు భాషలు వచ్చినవారికి జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందట. చదువురాని వారిలోనూ ఈ తేడా కనబడింది. రెండు భాషలుంటే జబ్బు రాదని మాత్రం కాదు. మా బడే అబ్బాకు మూడు వచ్చు.

దీన్ని నయం చేసే మందు ఇప్పటికీ లేదు. మా బడే అమ్మా మొదట రెండేళ్లు సిగ్గుతో ఏ ఫంక్షనుకూ పోలేదు. డాక్టరు మాట విన్నాక గల్లా తాళం తాను తీసుకుంది, ఎక్కడ పడితే అక్కడ సంతకాలు పెట్టనివ్వలేదు. దావత్ ఉంటే ముందురోజే పోయి, "ఆయనకు మెదడు జబ్బు, ఏమన్నా అంటే మనసులో పెట్టుకోకండి" అని చెప్పి వచ్చేది. దస్తర్‌ఖాన్ చివరన, గోడ పక్కన, ఆయనకు విడిగా ఒక పళ్లెం పెట్టించి పక్కనే నన్ను కూర్చోబెట్టేది.