చలికాలపు పొగ – శ్వాసకోశ వ్యాధులు



శీతకాలంలో దగ్గు, ఆయాసం పెరిగితే చలినే నిందించడం లోకరీతి. చలికి తోడయ్యే పొగను ఎవరూ తలచరు.

1952 డిసెంబరు 5 నుండి 9 వరకు లండన్ నగరంలో గాలి స్తంభించింది. చలికి తాళలేక ప్రజలు ఇంటింటా బొగ్గు కాల్చారు. నేలనంటిన చల్లగాలిపై వెచ్చని గాలి మూతవలె నిలిచి, ఆ పొగను పైకి పోనివ్వలేదు. గంధకపు పొగ, మసి ఊపిరితిత్తులలో చేరి శ్వాసకోశ వ్యాధులు విజృంభించాయి. సుమారు 4,000 మంది మరణించారని నాటి అంచనా. 12,000 వరకు ఉండవచ్చునని తరువాతి పరిశోధకుల అంచనా. 1956లో బ్రిటన్ స్వచ్ఛవాయు చట్టం చేసింది.

చలిని ఏ చట్టమూ ఆపజాలదు, పొగను ఆపవచ్చు. కనుక చలికాలపు ఉదయాన చెత్తకు, ఎండుటాకులకు నిప్పు పెట్టకండి. పొరుగింటి ఉయ్యాలలోని పసిబిడ్డ పీల్చేదీ ఆ గాలినే.