ముద్ర సరే, సాయం మాటేమిటి?

(కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



విడాకుల కేసుల కాగితాలు తిరగేసే మీకు ఈ మాట కొత్త కాదు. భార్యకు 'పర్సనాలిటీ డిజార్డర్' ఉందని భర్త తరఫు వకీలు రాస్తాడు. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో 1976 సవరణ నుంచీ 'సైకోపతిక్ డిజార్డర్' అనే మాట ఉండనే ఉంది. ఎదురు తిరిగిన ఆడదానికి ఈ ముద్ర వేయడం ఎంత తేలికో మనకు తెలుసు. అందుకే మనలో కొందరు అసలీ జబ్బే లేదు, అంతా పితృస్వామ్యం కల్పన అంటారు. నేను అంత దూరం పోలేను. పదేపదే తనను తాను గాయపరచుకునే మనిషి మన ఎదురుగా కూర్చున్నప్పుడు, నీకు వేసిన ముద్ర తప్పు అని చెప్పి పంపేస్తే ఆమెకు ఒరిగేదేమిటి?

వీళ్ళు బాగుపడరు, మొండి కేసులు అని డాక్టర్లు చాలాకాలం చేతులు దులుపుకున్నారు. ఆ మాటను అమెరికాలోని సియాటిల్‌లో మార్షా లినెహాన్ అనే మనస్తత్వవేత్త పరీక్షకు పెట్టారు. ఆ ఫలితాలు 1991లో అచ్చయ్యాయి. బోర్డర్‌లైన్ అనే రకం సమస్య ఉండి, ఆత్మహత్యా ప్రయత్నాలు చేసిన 44 మంది స్త్రీలను చీటీలు వేసినట్టుగా రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఊళ్ళో మామూలుగా దొరికే వైద్యం. రెండో జట్టుకు ఏడాదిపాటు వారం వారం ఒంటరిగా సంభాషణ, బృందంలో శిక్షణ, కష్టసమయంలో ఫోన్ చేసే వీలు. ఈ జట్టులో గాయపరచుకోవడం తగ్గింది, ఆసుపత్రిలో గడిపే రోజులు తగ్గాయి, చికిత్స మధ్యలో మానేసినవాళ్ళూ తక్కువే. కానీ దిగులు, నిరాశ మాత్రం రెండు జట్లలో ఒకేలా ఉన్నాయి. ఆ సంగతి కూడా దాచకుండా రాశారు. నాకు నచ్చింది అదే. (తానూ చిన్నవయసులో ఇలాంటి బాధతోనే మానసిక ఆసుపత్రిలో గడిపానని లినెహాన్ 2011లో బయటపెట్టారు.)

మంచి ఉద్దేశంతో చేసే సాయమంతా మేలు చేస్తుందా? బ్రిటన్‌లో సమస్యను వివరించి, పరిష్కరించుకోవడం నేర్పే ఒక పద్ధతిని 306 మందితో పరీక్షించారు. ఆ సాయం పొందినవారిలోనే అవాంఛనీయ సంఘటనలు ఎక్కువగా నమోదు కావడంతో పరీక్షను ముందే ఆపేశారు. నమోదు చేసిన తీరులోనే తేడా ఉందేమో అన్నారు కూడా. ఏమైనా, 2016లో వచ్చిన నివేదిక ప్రకారం మామూలు వైద్యం కంటే దానివల్ల అదనపు మేలేమీ కనబడలేదు. కౌన్సెలింగ్ అంటే నాలుగు మంచిమాటలే కదా, నష్టమేముంది అనుకునే మనం కాసేపు ఆగి ఆలోచించాలి.

మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 99వ సెక్షన్ ప్రకారం పరిశోధనకు ముందు ఆ మనిషికి అన్నీ తెలిపి, స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి తీసుకోవాలి. మాటలతో చేసే చికిత్సకూ, ఇంటర్వ్యూకూ ఇది వర్తిస్తుంది. ఇచ్చిన సమ్మతిని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. రేపు మీ కేంద్రానికి వచ్చే స్త్రీలపై పరిశోధన చేస్తామని ఎవరైనా వస్తే నిలబెట్టి అడగండి. సమ్మతి పత్రం ఆమెకు అర్థమయ్యే తెలుగులో ఉందా? మానేస్తానంటే మామూలు వైద్యం ఆగిపోతుందా? రాత్రిపూట ఆమెకు మనసు బాగోలేకపోతే ఫోన్ ఎత్తేదెవరు? ఆమె చెప్పుకున్న మాటలు రాసిన కాగితాలు భర్త వకీలు చేతికి పోకుండా ఎవరు పూచీ? జవాబులు ఆమె ముందే చెప్పించండి. సంతకం పెట్టడం, పెట్టకపోవడం ఆమె ఇష్టం.