చిల్లగింజ చెట్టు ఏది?
(ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)



ఆగస్టు 9 అంటే డోలు మోగుతుంది, కొమ్ము నృత్యం ఆడతాం. ఆ సంతోషం మధ్య ఒక సైన్సు ప్రయోగం గురించి నాలుగు మాటలు చెబుతాను.

భద్రాచలం ఏజెన్సీలో నేను పాఠాలు చెప్పే ఆశ్రమ పాఠశాలకు ఒక వానాకాలం సాయంత్రం ఫోన్ వచ్చింది. మర్నాడు పది గంటలకు పట్నం బడి పిల్లలు 40 మంది వస్తున్నారు, వాళ్లతో సైన్సు కార్యక్రమం ఏదైనా చేయించాలి అని. సామాను తెప్పించే వ్యవధి లేదు. ఆ మాట విని మా వంటమ్మ, "గోదారి ఎర్రనీళ్లు ఉండనే ఉన్నాయి గదా సారూ, చిల్లగింజలు నేను తెస్తా" అంది. పొద్దున్నే కొంగున ముడివేసి తెచ్చింది.

వచ్చినవాళ్లను ఐదుగురేసి ఎనిమిది జట్లు చేశాం. ఒక్కో జట్టుకు మన పిల్లలు ఇద్దరు, రెండు గ్లాసుల బురదనీళ్లు. గింజను తడిరాయి మీద అరగదీసి, ఆ గంధాన్ని ఒక గ్లాసులో కలిపించాం. రెండో దానిలో ఏమీ వేయలేదు. రెంటినీ ఒకేలా తిప్పి, కదపకుండా పెట్టాం. ఆ రెండో గ్లాసు ముఖ్యం. అది లేకపోతే నీళ్లు గింజ వల్ల తేరాయో, వాటంతట అవే తేరాయో తేల్చలేం.

తేరేదాకా ఖాళీగా కూర్చోబెట్టకుండా పసుపు పూసిన కాగితాలిచ్చాం. సున్నపునీళ్లు తగిలితే ఎర్రబడ్డాయి, నిమ్మరసం తగిలితే మళ్లీ పసుపయ్యాయి. పెళ్లి పారాణి రంగు ఇదేనని మన పిల్లలే చెప్పారు.

గంటలోపే తేడా కనబడింది. మట్టిరేణువుల మీద ఒకే రకం విద్యుదావేశం ఉంటుంది. అందుకే ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి. గింజలోని పదార్థం వాటిని ముద్దలుగా కూరుస్తుంది, అవి అడుగుకు దిగుతాయి. పటిక చేసే పనీ ఇలాంటిదే. అయితే తేటనీళ్లన్నీ మంచినీళ్లు కావు. క్రిములు మిగిలే ఉంటాయి, కాచే తాగాలి. ఇదీ పిల్లలచేత రాయించాం.

అప్పుడు పట్నం అమ్మాయి ఒకరు, "ఆ చెట్టు చూపిస్తారా?" అని అడిగింది. మన పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చెట్టు తెలిసింది వంటమ్మకొక్కతికే. ఆమె గరిటె పక్కనపెట్టి అందరినీ తీసుకెళ్లి చూపించింది. కోయ మాటలో దాని పేరు చెబితే మన పిల్లలూ కొత్తగా రాసుకున్నారు.

నా బెంగ అదే తమ్ముళ్లూ. విషముష్టి కూడా చిల్లచెట్టు జాతిదే. దాని గింజ ప్రాణం తీస్తుంది. ఏది ఏదో ఫోన్‌లో బొమ్మ చూసి తేల్చుకునే సంగతి కాదు, ఎరిగినవాళ్ల వెంట నడిచి నేర్చుకోవాలి. ఆ ఎరిగినవాళ్లు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు.

ఈ సెలవుల్లో ప్రతి ఊరి యువత ఒక పెద్దమనిషితో అడవికి వెళ్లండి. పది చెట్లు గుర్తుపట్టి, మన భాషలో పేరు, వాడుక, జాగ్రత్త రాసి మీ ఊరి బడికి ఇవ్వండి. ఈసారి ఎవరొచ్చి చెట్టు ఏదని అడిగినా, దారి చూపేది మన పిల్లలే కావాలి.

జై ఆదివాసీ!