బీటా బ్లాకర్ వాడే షుగర్ పేషెంట్: చెమటని వదిలేయొద్దు

సింపథెటిక్ నర్వస్ సిస్టమ్ మీద పనిచేసే మందుల్లో ఈరోజు బీటా బ్లాకర్స్ చూద్దాం. ప్రొప్రనోలాల్, అటెనోలాల్, మెటోప్రోలాల్... పేరు చివర "ఓలాల్" వస్తే ఈ గ్రూపే అని గుర్తుపెట్టుకోండి. ప్రొప్రనోలాల్‌ని కనిపెట్టిన జేమ్స్ బ్లాక్‌కి 1988లో నోబెల్ కూడా వచ్చింది.

ఇప్పుడు అసలు పాయింట్. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ గానీ వాడే పేషెంట్‌కి షుగర్ 70 కంటే కిందకి పడిపోయిందనుకోండి. ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. గుండె దడ, చేతుల వణుకు, చెమట. ఇవన్నీ "ఏదైనా తిను" అని శరీరం మోగించే అలారం. బీటా బ్లాకర్ వేసుకుంటే దడ, వణుకు తగ్గిపోతాయి. మనిషి బాగానే ఉన్నట్టు కనిపిస్తాడు, లోపల షుగర్ పడిపోతూనే ఉంటుంది. మెటోప్రోలాల్ లాంటి వాటికంటే ప్రొప్రనోలాల్‌తో ఈ సమస్య ఎక్కువ.

మరి చెమట ఎందుకు ఆగదు? చెమట గ్రంథులకి వెళ్లేది సింపథెటిక్ నరమే, కానీ అక్కడ పనిచేసేది ఎసిటైల్‌కోలిన్. బీటా బ్లాకర్ దాన్ని ఆపలేదు. అందుకే నేను వార్డులో ఇలాంటి పేషెంట్ నుదురు, మెడ ముట్టుకుని చూస్తాను. ఒళ్లు చల్లగా, తడిగా ఉంటే వెంటనే గ్లూకోమీటర్ పెడతాను.

షుగర్ తక్కువుంటే, మెలకువగా ఉండి మింగగలిగితే, 15 గ్రాముల చక్కెర, అంటే సుమారు మూడు టీస్పూన్లు, నీళ్లలో కలిపి ఇచ్చి 15 నిమిషాలకి మళ్లీ చెక్ చేయాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు. వెంటనే డాక్టర్‌ని పిలవాలి, డెక్స్‌ట్రోజ్ ఐవీ రెడీగా పెట్టుకోవాలి.

టాబ్లెట్ ఇచ్చే ముందు పల్స్ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి, బీపీ చూడండి. పల్స్ 60 కంటే తక్కువుంటే డోస్ ఆపి డాక్టర్‌కి చెప్పండి. ఆస్తమా ఉందా అని తప్పకుండా అడగండి.

డిశ్చార్జ్ రోజు నేను ఇలా చెప్తాను: "అమ్మా, ఫ్యాన్ కింద కూర్చున్నా ఊరికే చెమట పడితే నీరసం అనుకోవద్దు, షుగర్ చూపించుకోండి. బాగానే ఉంది కదా అని ఈ బిళ్ల మీ అంతట మీరు ఆపేయొద్దు, గుండె మీద ఒక్కసారిగా భారం పడుతుంది."

ఎగ్జామ్‌లో ఇది రెండు మార్కుల ప్రశ్నే. వార్డులో మాత్రం ఒక ప్రాణం. డౌట్స్ ఉంటే కామెంట్‌లో అడగండి. ఉంటాను మరి.