ఓట్లకన్నా ముందు భూమి (బహ్రెయిన్ సభలో చేసిన ప్రసంగం)

మనలో చాలామందిమి ఊర్ల ఉన్న ఎకరం, అరెకరం కుదవబెట్టి మనామాకు వచ్చినోళ్లమే. భూమి వదలడమంటే ఏందో మనకు తెలుసు. అందుకే ఇయ్యాల రావి నారాయణరెడ్డి గురించి చెప్తున్న.

1908లో భువనగిరి తాలూకా బొల్లేపల్లిలో, ఉన్నోళ్ల ఇంట్ల పుట్టిండు. హరిజన సేవక సంఘంలో పనిచేసిండు, దళిత పిల్లల చదువుకు హాస్టళ్లు నడిపిండు. సొంత భూమి 500 ఎకరాలు పేదలకు పంచిండు. ఓట్లడిగింది ఆ తర్వాతనే. 1952లో నల్లగొండ నుంచి పార్లమెంటుకు నెహ్రూకన్నా ఎక్కువ ఓట్లతో గెలిచిండు.

ఆయన పార్టీ విశాలాంధ్ర కోరిందని మనోళ్లు కొందరు ఆయన పేరెత్తరు. నాకైతే అది నచ్చదు. తెలంగాణ ఉద్యమంల మన ఎమ్మెల్యేలు రాజీనామా కాగితం మీద సంతకానికే వెనకాముందాడిండ్రు. సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఇంటికి పోయి అడగుండ్రి, ఏం వదిలిండ్రని.

జై తెలంగాణ!