పేరులో మొదటి అక్షరం



క్రిందటి సమావేశంలో ఒక మిత్రుడు "యుగాండా అంటే ఈదీ అమీన్, మనవాళ్లను వెళ్లగొట్టిన దేశం, అంతే గదా" అన్నారు. 1972లో 90 రోజుల గడువిచ్చి ఆసియావాసులను పంపించిన సంగతి మన వయసు వారందరికీ జ్ఞాపకమే. అయితే అంతకు ముందు ఏడాదే అమీన్ తన దేశస్థులనే చంపించాడు. వారిలో లాంగో ప్రజలున్నారు. వారిని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

లాంగో వారిది ఉత్తర యుగాండా. క్యోగా సరస్సుకు ఉత్తరాన, లిరా పట్టణం చుట్టూ ఉంటారు. 2014 జనాభా లెక్కల ప్రకారం 20 లక్షలకు పైగా ఉన్నారు. రాగులు, నువ్వులు, కందులు పండిస్తారు. రాగి తూర్పు ఆఫ్రికా నుంచి మనకు వచ్చింది. కంది మన దేశం నుంచి అటు వెళ్లింది. కనుక మరీ పరాయివాళ్లు అనుకోనక్కరలేదు.

తమ పూర్వులు ఈశాన్యం నుంచి, ఒటుకే కొండల మీదుగా వచ్చారని వారి పెద్దలు చెబుతారు. కొన్ని వంశాల పేర్లు, వానకోసం చేసే తంతులు తూర్పున ఉన్న కరమోజా, టెసో ప్రజలవాటిని పోలి ఉంటాయి. మాట్లాడే భాష మాత్రం లువో కుటుంబానిది. పొరుగున ఉన్న అచోలి భాషకు చాలా దగ్గర. పూర్వం వేరే భాష మాట్లాడి, తరువాత లువో భాషలోకి మారారని పలువురు పరిశోధకుల అభిప్రాయం. భాష మారినా తాము లాంగో వారమన్న భావం పోలేదు.

ఆ భాషే వారి పిల్లలకు పేర్లిచ్చింది. వానలో పుట్టిన మగపిల్లవాడు ఒకోట్, ఆడపిల్ల అకోట్. కవలల తరువాత పుడితే ఒకెల్లో, అకెల్లో. మగవారి పేర్లు ఎక్కువగా 'ఒ'తో మొదలవుతాయి.

1962లో యుగాండాను స్వాతంత్ర్యానికి నడిపించిన మిల్టన్ ఒబోటే లాంగో వారే. 1971 జనవరిలో అమీన్ ఆయన్ను పడదోశాడు. ఆ ఏడాది జింజా, ఎంబరారా బారకాసుల్లో లాంగో, అచోలి సైనికులను ఊచకోత కోశారు. పేరు 'ఒ'తో మొదలైతే చాలు, ప్రాణానికి ముప్పే. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు నేను మస్టరు చూసి పేర్లు పిలిచినవాణ్ణి. పేరు పిలిస్తే జీతం ముట్టేది. అక్కడ పేరు పిలిస్తే మనిషి తిరిగి రాలేదు.

1980 చివర ఒబోటే మళ్లీ గద్దెనెక్కారు. ఆ పాలనలో లువేరో ప్రాంతంలో సైన్యం చేసిన ఘోరాలను దాచనక్కరలేదు. 1985లో అచోలి సేనానులే ఆయన్ను దించారు. ఒకనాడు కలిసి చచ్చినవారి మధ్య అనుమానం పెరిగింది.

తరువాత జోసెఫ్ కోనీ తిరుగుబాటు దళం వచ్చింది. 1996 అక్టోబరులో అబోకే బడి నుంచి 139 మంది బాలికలను ఎత్తుకుపోయింది. ఆ బడి సిస్టర్ రాకేలే అడవిలోకి వెంటవెళ్లి ప్రాధేయపడి 109 మందిని విడిపించుకు వచ్చింది. 2004 ఫిబ్రవరి 21న లిరాకు ఉత్తరాన బార్లోన్యో శిబిరంలో తలదాచుకున్న జనాన్ని ఆ దళం చంపింది, గుడిసెలు తగలబెట్టింది. స్మారక ఫలకం మీద 121 మంది అని ఉంది. 300 దాటారని స్థానికులు అంటారు.

అసలు నేను చెప్పదలచింది ఇది. కోనీ అచోలి వాడు. కొద్ది రోజులకు లిరాలో నిరసన ఊరేగింపు తీసినవారిలో కొందరు ఊళ్లో ఉన్న అచోలి వారి మీద పడ్డారు. ప్రాణాలు పోయాయి. కోనీ ఎత్తుకుపోయిన పిల్లల్లో అత్యధికులు అచోలి బిడ్డలేనని ఆ కోపంలో గుర్తు రాలేదు. పేరు చూసి తమను చంపారని ఏడ్చినవారే పేరు చూసి ఎదుటివాణ్ణి కొట్టారు.

మనం కూడా కొత్తవారు కనిపిస్తే ముందు ఇంటిపేరు అడుగుతాం. తప్పు లేదు, అలవాటు. కాని ఆ అక్షరాన్ని బట్టి మనిషికి విలువ కట్టే అలవాటు మాత్రం మన మనుమలకు అంటించవద్దు. అక్కడ వానలో పుట్టిన బిడ్డకు ఇప్పటికీ ఒకోట్ అనే పేరు పెడుతున్నారు. ఆ పేరు విన్నవారికి వానే గుర్తుకు రావాలి.